వేలంపాటలో వచ్చిన తాతయ్య

విజయనగరం,
12 జనవరి 1987.

అక్కకు,

తమ్ముడు మోషే వందనాలు. దేవుడి దయవల్ల కమల, పిల్లలు, నేను క్షేమంగా చేరాం. రైల్వే క్వార్టరు ఇచ్చారు గాని చాలా చిన్నది. వంటగదిలో ఒకరు నిలబడితే రెండోవాళ్లు వీధిలోకి వెళ్లాలి. అందువల్ల తాతయ్యను ఇప్పుడే తెచ్చుకునే వీలు లేదని వేరే చెప్పక్కర్లేదు. రెండు నెలలు ఓపిక పట్టు. పెద్ద క్వార్టరుకు అర్జీ పెట్టాను.

రాయపూర్ స్టేషన్లో అందరి ముందూ "ఆ గుడ్డును వేలంపాటలో నిన్నెవడు కొనమన్నాడురా" అన్నావు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఏడాది కిందటి కోత పండుగలో నువ్వూ ముందు వరసలోనే ఉన్నావు కదా. చర్చికి అందరూ తమ పంటలో మొదటిది తెచ్చి ఇచ్చారు. సొరకాయలు, కోళ్లు, వడ్ల బస్తాలు, అన్నీ చర్చి వేలానికే. పాపం అచ్చయ్యకు పొలం లేదు, అభన్‌పూర్ రాళ్ల క్వారీలో పని. తవ్వకంలో దొరికిన గుడ్డు తెచ్చి బల్ల మీద పెట్టాడు, గుమ్మడికాయంత. డ్రైవర్ అమ్మిరాజు పాట పెంచుకుంటూ పోతుంటే గార్డునై ఉండి నేను నోరు మూసుకోవాలా? ఇంజను ముందుంటుందని డ్రైవరు గొప్పవాడైపోడు.

పైగా గుడ్డును నీ కోళ్ల గంపలో బల్బు కింద పెట్టింది నువ్వే. నేను పెట్టలేదు. అది పిల్లయ్యాక, పుట్టుకతోనే ఒళ్లంతా ముడతలు ఉన్నాయని, పిల్లలు తాతయ్య అని పేరు పెట్టారు. సైన్సు కాలేజీ ప్రొఫెసరు వచ్చి డైనోసార్ అని తేల్చాడు. ఏదైతేనేం, చర్చి వేలంలో పాడుకున్నది దేవుడి సొత్తు. దాన్ని అమ్మకూడదు, ఒకరికి ఇవ్వకూడదు, విడిచిపెట్టకూడదు.

పొద్దున క్యాబేజీ ఆకులు, సాయంత్రం తవుడు కలిపిన కుడితి. చలికి గోనెపట్టా కప్పు. అలిగితే పాట పాడు, కీర్తన అయితే మంచిది.

నీ తమ్ముడు,
మోషే


రాయపూర్,
3 ఫిబ్రవరి 1987.

మోషేకి,

అక్క హన్నా రాస్తున్నది. కమలనీ పిల్లలనీ అడిగానని చెప్పు. నిన్ను అడగలేదు.

తాతయ్య ఇప్పుడు దూడంత ఉన్నాడు. నువ్వు వెళ్లినప్పుడు మేకంత. మెడ సాగుతోంది. మన ప్రహరీ మీదుగా పక్కింటి సాహూ గారి పెరట్లోకి తల పెట్టి, ఆవిడ గోబీ మడి మొత్తం తిన్నాడు. ఆవిడ గేటు దగ్గరికి వచ్చి, "సిస్టర్, అప్నే దాదాజీ కో సంభాలో" అని అరిచింది, మీ తాతయ్యను అదుపులో పెట్టుకోండి అని. వీధిలో కొత్తగా దిగినవాళ్లు మన ఇంట్లో మతి తప్పిన ముసలాయన ఎవరో ఉన్నాడనుకుని, నా మీద జాలి పడుతున్నారు.

మన దేవేంద్ర నగర్‌లో పెంపుడు జంతువుకు మున్సిపాలిటీ బిళ్ళ ఉండాలట. వెళ్లాను. గుమాస్తా ఫారం తీసి, "కుత్తా హై కి గాయ్?" అన్నాడు. కుక్కా ఆవూ రెండూ కాదన్నాను. ఫారంలో మూడో గడి లేదు. పాలిస్తుందా అని అడిగాడు. ఇవ్వదన్నాను. "తో కుత్తా హీ హుఆ" అని రాసేసి ఇత్తడి బిళ్ళ చేతిలో పెట్టాడు. ఇకనుంచి నీ దేవుడి సొత్తు సర్కారు లెక్కలో కుక్క.

పశువుల డాక్టరు గేటు దాటి లోపలికి రాలేదు. అక్కడి నుంచే చూసి, ఆవుకిచ్చే మందులో సగం ఇమ్మన్నాడు. ఆవెంత ఉంటే సగం, ఇదెంత పెరిగితే మొత్తం అని అడిగేలోపు స్కూటరు స్టార్టు చేశాడు. ఆసుపత్రిలో ఎనిమిది గంటలు నిలబడి వచ్చి, దీని పేడ ఎత్తుతున్నాను. తట్ట చాలడం లేదు, పార కొన్నాను.

కీర్తన పాడాను. నాతో పాటు వాడూ ఎత్తుకున్నాడు. సాహూ గారి ఆవు కట్టు తెంపుకుని పోయింది.

రెండు నెలలు అన్నావు. నేను క్యాలెండరు మీద గుర్తు పెట్టాను.

హన్నా


విజయనగరం,
29 మార్చి 1987.

అక్కకు వందనాలు.

నీ ఉత్తరం చదివి అందరం కడుపుబ్బ నవ్వాం. నీకు హాస్యం బాగా వచ్చు అక్కా. కమల అయితే పక్క క్వార్టరు వాళ్లకు కూడా చదివి వినిపించింది.

పెద్ద క్వార్టరు ఈ దఫా రాలేదు. వర్షాకాలం పోయాక చూద్దామన్నారు. ఈలోగా తాతయ్యను రోజూ రెండు పూటలా నడిపించు. కూర్చోబెడితే కొవ్వు పడుతుంది. గోళ్లు కూడా కత్తిరించాలి, మామూలు కత్తెర చాలదేమో, తోటమాలి దగ్గర పెద్దది ఉంటుంది, అడుగు. వేసవిలో మధ్యాహ్నం మూడుసార్లు నీళ్లు పోయి. మీ వీధి కుళాయికి నీళ్లు సరిగా రావని తెలుసు, బోరింగు ఎంతో దూరం లేదు కదా.

ఇక్కడ గార్డుల గదిలో మాకు డైనోసార్ ఉందని చెప్పాను. ఎవరూ నమ్మడం లేదు, గొప్పలు అంటున్నారు. మంచి ఫోటో ఒకటి తీయించి పంపు. నువ్వు ఫోటోలో లేకపోయినా పరవాలేదు.

మేము ప్రతి రాత్రీ కుటుంబ ప్రార్థనలో తాతయ్యను జ్ఞాపకం చేసుకుంటున్నాం. నిన్ను కూడా.

మోషే


రాయపూర్,
20 సెప్టెంబరు 1988.

మోషేకి,

ఇరవై నెలలైంది. గుర్తు పెట్టిన క్యాలెండరు కూడా మారిపోయింది.

ఫోటో పంపుతున్నాను. ఫ్రేములో మొత్తం పట్టలేదని ఫోటోగ్రాఫరు కాళ్లు ఒకటి, తల ఒకటి తీశాడు. రెండూ కలిపి చూసుకోండి. మధ్యలో ఉన్నది నా చెయ్యి, తోక తగలకుండా అడ్డం పెట్టాను.

వేసవిలో ఒక ఆదివారం పొద్దున వీధి వీధంతా టీవీల ముందు కూర్చుని ఉంది. వీడు వీపు దురద పెట్టి సాహూ గారి డాబా గోడకు రాసుకున్నాడు. డాబా మీద నాలుగిళ్ల యాంటెన్నాలు ఒకేసారి పడ్డాయి. యాభై మంది నా గేటు ముందుకు వచ్చారు. చదువుకున్నవాళ్లు, ఉద్యోగస్తులు, నా చేత ఇంజెక్షన్లు చేయించుకున్నవాళ్లు. ఒక్కరు కూడా "సిస్టర్, మీకేమైనా దెబ్బ తగిలిందా" అనలేదు. గోడ పెళ్ల నా భుజం మీద పడి ఉంది.

పోయిన క్రిస్మస్ నాటకంలో చర్చివాళ్లు వీణ్ణి ఒంటెను చేశారు. వీడు పశువుల తొట్టిలో పరిచిన గడ్డి మొత్తం తినేసి, బాలుడి బొమ్మను నాకుతూ కూర్చున్నాడు. పాస్టరు గారు ఇకనుంచి నన్ను ఒక్కదాన్నే రమ్మన్నారు.

ఇవన్నీ నవ్వుకోవడానికి రాయలేదు. కమలను ఎవరికీ చదివి వినిపించవద్దని చెప్పు.

మన కొండలరావు డివిజను ఆఫీసులో పనిచేస్తాడు, తెలుసుగా. నిన్న ఓపీ దగ్గర కలిశాడు. నీకు ట్రాన్స్‌ఫర్ వచ్చిందని జాలిగా అన్నాను. "వచ్చిందేంటి సిస్టర్, ఆయనే రాసి పెట్టుకున్నాడు కదా. సీనియారిటీ పోతుందన్నా వినలే, జల్దీ జల్దీ చేయించుకున్నాడు" అన్నాడు. ఏ తేదీన రాశాడని అడిగాను. తాతయ్య తొలిసారి తలుపు విరగ్గొట్టిన వారమే.

అమ్మ పోయేటప్పటికి నీకు ఐదేళ్లు, నాకు పద్నాలుగు. అప్పటినుంచి నువ్వు దేనికైనా నన్ను అడిగావు, నేను కాదనలేదు. ఇది కూడా నన్ను అడిగి ఉంటే సరే అనేదాన్నేమో. స్టేషన్లో కళ్లు తుడుచుకుని నాటకం ఎందుకురా?

హన్నా


విజయనగరం,
15 అక్టోబరు 1988.

అక్కకు,

నీ ఉత్తరం నన్ను చాలా నొప్పించింది. కొండలరావు మాట పట్టుకుని సొంత తమ్ముణ్ణి అనుమానించావు. ట్రాన్స్‌ఫర్ నేను అడిగి ఉండవచ్చు. కమల పుట్టిల్లు దగ్గరని అడిగాను. తాతయ్యకూ దానికీ సంబంధం లేదు. ఉందనుకోవడం నీ మనసులో ఉన్న చేదు.

ఒక మాట చెప్పనా? నీకు పెళ్లి లేదు, పిల్లలు లేరు. డ్యూటీ నుంచి ఖాళీ ఇంటికి వస్తావు. తాతయ్య ఉంటే కాస్త తోడుగా ఉంటుందని కూడా ఆలోచించాను. నువ్వేమో భారం అంటున్నావు.

సాకుతున్నది నువ్వే కావచ్చు గాని, పాడుకున్నది నేను. దేవుడి ముందు జవాబుదారీ నాదే. అది నువ్వు అర్థం చేసుకోవు.

ఫోటోలు అందాయి. తల ఉన్నది బాగా వచ్చింది, గార్డుల గదిలో పెట్టాం.

మోషే


రాయపూర్,
18 జనవరి 1989.

తమ్ముడు మోషేకి,

ఈ ఉత్తరం కోపంతో రాయడం లేదు. చివరిదాకా చదువు.

తిల్దాలో రైసు మిల్లు ఫోర్‌మన్ సామ్యూల్ గారని ఉన్నారు. తణుకు దగ్గరివారు. భార్య పోయి ఆరేళ్లు, పిల్లలు లేరు. మిల్లు బెల్టులో చెయ్యి పడి మా వార్డులో ఇరవై రోజులు ఉన్నారు. కట్టు మారుస్తుంటే రోగులంతా కేకలు పెడతారు, ఆయన నా కాళ్ల వాపు చూసి, "కూర్చోండి సిస్టర్ గారూ, కూర్చుని కట్టండి" అన్నారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో నన్ను కూర్చోమన్న పేషెంటు ఆయనొక్కరే.

డిశ్చార్జి అయ్యాక మూడుసార్లు పాసింజరు బండిలో వచ్చారు. మొదటిసారి మన ఇంటికి వచ్చినప్పుడు తాతయ్య ఆయన గొడుగు తిన్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన, "గొడుగు పోతే పోయిందండి, ఊచలు గొంతుకు అడ్డం పడతాయేమో చూడండి పాపం" అన్నారు. మొన్న ఆదివారం నన్ను అడిగారు. నేను సరే అన్నాను. నలభై నాలుగేళ్లకు ఈ మాట రాస్తున్నాను, నవ్వకు.

ఈస్టరు తర్వాత మూడు ఆదివారాలు చర్చిలో మా పేర్లు చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవచ్చు. నాన్న లేడు కాబట్టి నీ సమ్మతి ఉత్తరం కావాలని పాస్టరు గారు అన్నారు. ఒక్క ఇన్‌ల్యాండ్ చాలు.

ఇంకొకటి. తిల్దాలో ఆయనది రెండు గదుల ఇల్లు. తాతయ్య సంగతి అడిగితే, "చూద్దాం లెండి" అన్నారు, అంతే. ఆయన నోట వద్దనిపించడం నాకిష్టం లేదు. ఏప్రిల్ లోపల నువ్వు వచ్చి తీసుకువెళ్లు. నువ్వు గార్డువి, బ్రేక్ వ్యానులో కాకపోతే ఖాళీ వ్యాగనులో ఎక్కించుకోగలవు. రెండేళ్లు నేను చేశాను. ఇకనుంచి నీది నువ్వు చూసుకో.

నిన్ను ఇంతవరకు ఏదీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

మీ అందరికీ ముద్దులు,
అక్క


విజయనగరం,
10 ఫిబ్రవరి 1989.

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చదివి కమలా నేనూ మోకాళ్లూని స్తుతించాం. నాకు చాలా సంతోషం. నీకు మంచి జరగాలని నాకంటే కోరేవాళ్లు ఎవరున్నారు?

తాతయ్య రవాణా గురించి గూడ్సు ఆఫీసులో విచారించాను. కుక్కకు డబ్బా ఉంది, గుర్రానికి, ఏనుగుకు కూడా వ్యాగను ఉంది. డైనోసార్‌కు రేటు లేదట. రేటు లేనిది బుక్ చెయ్యరు. నీ మున్సిపాలిటీ కాయితం ప్రకారం కుక్క అని చెప్పి చూశాను. ఫోటో చూపించమన్నారు. చూపించాను. అంతటితో ఆ మాట పోయింది. కలకత్తా రైల్వే హెడ్డాఫీసుకు రాసి అనుమతి తెప్పించాలి, టైము పడుతుంది. కమలకు మళ్లీ నెల తప్పింది, ఈ స్థితిలో అంత జంతువు ఇంటికి వస్తే దడుచుకుంటుంది. అయినా నీ ఆనందం ముందు ఇవన్నీ ఎంత.

సమ్మతి ఉత్తరం గురించి నువ్వు దిగులు పెట్టుకోకు. నీ చేతికి పంపితే బాగుండదు. ఆడపిల్ల తన సమ్మతి ఉత్తరం తానే పట్టుకెళ్లి ఇస్తే నలుగురూ ఏమనుకుంటారు? సామ్యూల్ గారి అడ్రసు పంపు, ఆయనకే నేరుగా రాస్తాను. మగవాళ్లం మాట్లాడుకోవలసినవి ఉంటాయి. పాస్టరు గారికి ఆయన చూపిస్తారు.

నువ్వు నిశ్చింతగా ఉండు.

నీ తమ్ముడు,
మోషే


రాయపూర్,
24 ఏప్రిల్ 1989.

మోషేకి,

రెండో తారీఖు ఆదివారం మా పేర్లు చదివారు. తొమ్మిదో తారీఖు మళ్లీ చదివారు. అన్నమ్మ పిన్ని వెనక్కి తిరిగి నా చెయ్యి నొక్కింది. రెండు సార్లూ ఆయన మగవాళ్ల వైపు మూడో బెంచీలో కూర్చున్నారు.

ఆ శుక్రవారం మాలవీయ రోడ్డుకు వెళ్లి తెల్ల పట్టుచీర కొన్నాను. షాపతను, "బేటీ కే లియే?" అన్నాడు. కూతురికి కాదు, నాకే అన్నాను. మడత విప్పి నా భుజం మీద వేసి అద్దం ముందు నిలబెట్టాడు. చాలాసేపు నిలబడ్డాను.

పదహారో తారీఖున పేర్లు చదవలేదు. ఆయన రాలేదు. నేను పాటల పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఆరాధన అయ్యాక పాస్టరు గారు తన గదిలోకి పిలిచి, సామ్యూల్ గారు తప్పుకున్నారని, కారణం అడిగితే "సిస్టర్ గారి మంచి కోసమే" అన్నారని చెప్పారు. నా మంచి! సమ్మతి ఉత్తరం అందిందా అని అడిగాను. తన దాకా రాలేదన్నారు. నువ్వు రాశావా? పోస్టులో పోయిందా? పోతే మాత్రం, ఒక కాయితం కోసం ఎవరైనా తప్పుకుంటారా?

నాకు తెలుసులే కారణం. కిందటి నెల వచ్చినప్పుడు ఆయన గేటు దగ్గర నిలబడి తాతయ్యను పైనుంచి కిందికి, ముందునుంచి వెనక్కి ఎంతోసేపు చూశారు. అడుగులు వేసి పొడవు కొలిచినట్టు నడిచారు కూడా. ఎంత తింటుందండీ అని అడిగారు. అప్పుడే అర్థం చేసుకోవలసింది. ఇంత జంతువును వెంటేసుకుని వచ్చే ఆడదాన్ని ఎవరు చేసుకుంటారు?

తిల్దా వెళ్లి అడుగుదామని స్టేషను దాకా వెళ్లాను. టికెట్ల కిటికీ దగ్గర అభిమానం అడ్డొచ్చి తిరిగి వచ్చేశాను.

నువ్వు ఆ రోజు వేలంపాటలో నోరు మూసుకుని ఉంటే ఇవాళ నేను తిల్దాలో ఉండేదాన్ని.

హన్నా


విజయనగరం,
9 మే 1989.

అక్కకు,

చదివి గుండె బద్దలైంది. నేను ఉత్తరం రాశాను, సంతోషంగా సమ్మతిస్తున్నట్టు రాశాను. పోస్టు సంగతి నీకు తెలుసు కదా.

నువ్వు అన్నది నిజమే అయి ఉంటుంది. తాతయ్యను చూసి భయపడి ఉంటాడు. అలాంటి పిరికివాడు పోవడమే మేలు. దేవుడు నిన్ను కాపాడాడనుకో. ఆయన చిత్తం లేకుండా ఏదీ జరగదు. మళ్లీ ఆ మనిషిని కలవకు, ఉత్తరం రాయకు. మనకూ ఒక మర్యాద ఉంది.

కలకత్తా నుంచి జవాబు రాలేదు. ఇప్పుడిక తొందర కూడా లేదు కాబట్టి మళ్లీ రాయలేదు.

తాతయ్యకు ఈ ఎండల్లో నీళ్లు పోయడం మరిచిపోకు.

మోషే


రాయపూర్,
30 నవంబరు 1990.

మోషేకి,

నీ మూడు ఉత్తరాలూ అందాయి. మూడో బిడ్డకు ఏడాది నిండిందని రాశావు, సంతోషం. ఊలు కోటు పార్సిలు పంపాను.

తాతయ్య ఎలా ఉన్నాడని ప్రతిసారీ అడుగుతున్నావు కాబట్టి రాస్తున్నాను. తిండి పెడుతున్నాను. మొహం చూడటం లేదు. నడకకు తీసుకెళ్లడం మానేశాను. లారీలు లాగే గొలుసు తెచ్చి వేప చెట్టుకు కట్టాను. మొదట్లో నేను డ్యూటీ నుంచి వస్తే మెడ చాచి నా సంచీ వాసన చూసేవాడు. రెండుసార్లు గొడుగు పిడితో మూతి మీద కొట్టాను. ఇప్పుడు నేను వస్తే తల తిప్పుకుంటాడు.

గొలుసు రాపిడికి వెనక కాలు పుండు పడింది. వార్డులో రోజుకు ముప్పై మందికి కట్టు కడతాను. దానికి వారం దాకా కట్టలేదు. సాహూ గారమ్మే చూడలేక పసుపు నూరి తెచ్చింది. యాంటెన్నా పడినప్పుడు మొదట అరిచింది ఆవిడే. "బేజుబాన్ హై సిస్టర్, ఉస్‌కా క్యా కసూర్" అంది. నోరులేని దానిదేం తప్పు అని. నేను తలుపేసుకున్నాను.

నేనిలా మారతానని ఎన్నడూ అనుకోలేదు.

హన్నా


విజయనగరం,
14 జూన్ 1992.

ప్రియమైన అక్కకు,

ఒక శుభవార్త. కమలకు ఎలిమెంటరీ స్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చింది. నేను లైనులో ఉంటాను, ఇంట్లో ముగ్గురు పిల్లలు. చూసే మనిషి లేదు. కమలే అంది, "వదిన ఒక్కరే అక్కడ ఎందుకు, మనతో ఉంటే ఆవిడకూ బాగుంటుంది కదా" అని. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

నువ్వు వాలంటరీ రిటైర్మెంటు పెట్టి వచ్చెయ్. పెద్ద క్వార్టరు ఎలాట్ అయింది, నీకు వెనక గది ఇస్తాం. కమల స్కూలు జులైలో మొదలు, అంతకు ముందే వస్తే మంచిది.

తాతయ్య గురించి ఆలోచించాను. అదొక జంతువు అక్కా, ఎన్నాళ్లని అంటిపెట్టుకుంటావు? ధమ్తరీ రోడ్డు పట్టుకుని కొంచెం లోపలికి వెళితే అడవే. లారీ మాట్లాడి వదిలించెయ్. చర్చి వేలం అదీ అని పట్టింపు పెట్టుకోకు, పాత నిబంధనలు మనకు లేవు. దేవుడు హృదయాన్ని చూస్తాడు.

పిల్లలు అత్తయ్య ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతున్నారు.

నీ మోషే


రాయపూర్,
2 జులై 1992.

మోషేకి,

నేను రావడం లేదు. అది ముందు రాసేశాను. మిగిలింది ఇష్టమైతే చదువు.

నీ ఉత్తరం వచ్చిన వారానికి మా వార్డులో ఒకావిడ కడుపు ఆపరేషనుకు చేరింది. పేరు సుభద్ర. అభన్‌పూర్ ఆవిడ, పెళ్లై ఏడాదిన్నర. చార్టులో భర్త పేరు చూసి, డ్యూటీ మార్చమని అడగాలనుకున్నాను. అంతలో ఆయనే ఫ్లాస్కు పట్టుకుని లోపలికి వచ్చారు. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగి, "బాగున్నారా సిస్టర్ గారూ, మనసుకు నెమ్మదిగా ఉందా" అని అడిగారు.

నెమ్మదిగా ఉందా అట. ఇన్నాళ్లు మింగినదంతా పైకి వచ్చింది. వరండాలో నిలబెట్టి అడిగేశాను. ఒక జంతువును చూసి పారిపోయినవారు నా నెమ్మది ఎందుకు అడుగుతారు అన్నాను. ఆయన బిత్తరపోయారు. "జంతువేంటండీ, దానికేవైందండీ" అన్నారు.

మోషే, ఆయన దాన్ని చూసి భయపడలేదు. మిల్లు సేఠ్‌ను బతిమాలి, వెనకాల పాత షెడ్డు అడిగి తీసుకున్నారట. పైకప్పు రేకులు ఊడదీయించి ఆరడుగులు ఎత్తు పెంచారట. మా పెరట్లో అడుగులు వేసి కొలిచింది అందుకు. మిల్లులో తవుడుకు కొదవ లేదు, తాతయ్య పొట్ట నిండిపోతుందని సేఠే అన్నాడట. మూడో ఆదివారం పేర్లు చదివాక నన్ను తీసుకెళ్లి చూపిద్దామని ముందుగా చెప్పలేదట. ఆ షెడ్డులో ఇప్పుడు ఖాళీ గోనెసంచులు వేస్తున్నారు.

మరి ఎందుకు తప్పుకున్నారు అని అడిగాను. "మీ తమ్ముడు గారు రాశారు కదండీ" అన్నారు. మర్నాడు తెచ్చి ఇచ్చారు. మూడేళ్లుగా పారెయ్యకుండా ఉంచారు. నీకు గుర్తు లేకపోతే దింపి రాస్తున్నాను.

"అక్కకు ఈ వివాహం మీద మనసు లేదు. ఒంటరిగా ఉందని నలుగురూ అనడం వల్ల ఒప్పుకుంది. మీరు అడిగితే మొహమాటానికి ఇష్టమే అంటుంది, కాబట్టి దయచేసి అడగవద్దు. నేను రాసినట్టు తెలిస్తే సిగ్గుతో కుంగిపోతుంది. మీరు మర్యాదగా తప్పుకుంటే ఆమెకు మేలు చేసినవారవుతారు."

ఆయన మంచివారు కాబట్టి నమ్మారు. నన్ను సిగ్గుపెట్టకూడదని నోరు విప్పలేదు. నేను అభిమానంతో నోరు విప్పలేదు. నువ్వు మా ఇద్దరినీ బాగా చదివావు. తాతయ్యను తీసుకెళ్లమని అడిగినందుకే కదూ? అది నీ గుమ్మం ముందుకు రాకూడదు, అంతే. నా పెళ్లి చెడగొట్టాలని కూడా నీకు లేదు. ఉన్నా కొంత నయంగా ఉండేది.

పైగా అది చెడ్డాక, కారణం జంతువేనని నాతో పాటు నువ్వూ అన్నావు. నీ మాట విని మూడేళ్లు దాన్ని కట్టేసి కొట్టాను. నీ పాపం నా చేత చేయించావు. దీనికి మాత్రం నిన్ను క్షమించను. సామ్యూల్ గారి విషయం ఎప్పటికైనా క్షమిస్తానేమో, తెలియదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి గొలుసు విప్పాను. కాలు కడిగి కట్టు కట్టాను. తాతయ్యకు అంతా చెప్పాను. వీధంతా చూస్తోంది, చూడనీ. వాడు లేచి ఎటో వెళ్లలేదు, గొలుసు ఉన్నంత దూరంలోనే తిరుగుతున్నాడు. గేటు తీసినా అంతకు మించి అడుగు వెయ్యడం లేదు. రోజూ పక్కన నడిచి కొంచెం కొంచెం అలవాటు చేస్తున్నాను. అడవిలో వదలను. ధమ్తరీ రోడ్డు నాకూ తెలుసు.

కమలకు ఇదంతా తెలియకపోతే చెప్పకు. పిల్లల్ని చూడటానికి ఎవరినైనా పెట్టుకోండి.

సామ్యూల్ గారు ఆ కాయితం నా చేతిలో పెట్టి, కింద సంతకం చూడమన్నారు. నేను సంతకం దాకా వెళ్లలేదు. మొదటి వరసలోనే గుర్తుపట్టాను. అమ్మ పోయిన ఏడాది, నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, పలక మీద నీ వేలు పట్టుకుని, ఆ అక్షరాలు దిద్దించింది నేనే.

హన్నా